ఆపరేషన్ నీళ్ళకొండ

"యర్రయ్య ఈత రాక చనిపోయాడట."

చీఫ్ గురునాథం ఆ మాట చెప్పి టీ కప్పు ముందుకు తోశాడు.

"ఎవరన్నారు సార్?"

"పోస్ట్‌మార్టం రిపోర్టు."

ఏజెంట్ గణేశ్వరరావు టీ ముట్టుకోలేదు. డిపార్ట్‌మెంటు మొత్తంలో యర్రయ్యంత ఈతగాడు లేడు. విశాఖ హార్బర్‌లో ఓడ అడుగు నుంచి ఈదుకుంటూ అవతలివైపు తేలి, అక్కడ నిలబడ్డవాణ్ణి అగ్గిపెట్టె అడిగిన మనిషి. అలాంటివాణ్ణి పోర్ట్ బ్లెయిర్ జెట్టీ పక్కన మోకాల్లోతు నీళ్ళలో ముంచేశారంటే, ముంచినవాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళే.

పోర్ట్ బ్లెయిర్‌లోనే, లంబాలైన్‌లో విమానాల మైదానానికి ఆనుకుని ఉన్న క్వార్టరది. బయట బోర్డు మీద 'దోమల నివారణ' అని రాసి ఉంది. లోపల దోమలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చీఫ్ ఒకదాన్ని మోచేతి మీద చంపి, మ్యాపు పరిచాడు.

"ఇది నీళ్ళకొండ. సర్కారు మ్యాపులో ఈ దీవికి నంబరే తప్ప పేరు లేదు. పేరు మన జాలర్లు పెట్టుకున్నది. కొండమీద రాతిలో తొలిచిన తొట్టెలున్నాయి. మండుటెండల్లో కూడా మంచినీళ్ళుంటాయి. వాళ్ళు డబ్బాలు నింపుకుని పోతుంటారు. ఆ తొట్టెలు తొలిచింది బౌద్ధ భిక్షువులని ఈమధ్యే తెలిసింది. పక్కనే ఇటుకల స్తూపం, కూలిన గుడి."

"తెలుసు సార్. చూశాను."

"చూసినట్టు రిపోర్టులో రాయలేదే?"

రిపోర్టులో రాయని సంగతి ఇంకొకటి కూడా ఉంది. అది అరుణకుమారికి గణేశ్వరరావు ఇచ్చిన మాట.

అరుణకుమారి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు మాస్టారి కూతురు. పలక పట్టే వయసులో ఓడెక్కి వచ్చి, దీవుల్లోనే పెరిగి, వాల్తేరు వెళ్ళి పురావస్తు శాస్త్రం చదువుకుని వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని జీపు నడుపుతూ ఆమె అబర్దీన్ బజారులోకి వస్తే బేరాలాడేవాళ్ళు ధర మర్చిపోయేవారు. తవ్వకాల పేరుతో దిగిన డాక్టర్ వెస్లింగ్ అనే విదేశీయుడి దగ్గర ఆమె దుభాషి, ఫోటోగ్రాఫర్. వెస్లింగ్ అసలు వృత్తి గూఢచర్యమని తెలిసిన రోజున ఆమె భయపడలేదు. అతనిచ్చే జీతం తీసుకుంటూనే, సమాచారం మాత్రం గణేశ్వరరావుకు చేరవేయడం మొదలుపెట్టింది.

దానికొక షరతు పెట్టింది. కిందటేడు వానలు వెలిశాక అతన్ని నీళ్ళకొండ ఎక్కించి, నాచు పట్టిన ఆ ఇటుకల గుమ్మటం ముందు నిలబెట్టింది. "రెండువేల ఏళ్ళ వానలు దీన్నేం చెయ్యలేకపోయాయి. భూకంపాలూ చెయ్యలేకపోయాయి. యుద్ధంలో జపాను సైనికులు వచ్చి, దీనికో నమస్కారం పెట్టి, పక్కకెళ్ళి బంకర్ కట్టుకున్నారు. గణేశ్వరరావుగారూ, మీ పని మీరు చేసుకోండి. కానీ దీన్నుంచి ఒక్క ఇటుక కదలకూడదు. మాటివ్వండి," అంది. అతను ఇచ్చాడు.

మాటలివ్వడం ఈ ఉద్యోగంలో అతనికి అలవాటే. నిలబెట్టుకున్నది మాత్రం ఒక్కటీ లేదు. వెనక నేనుంటానని, వెస్లింగ్ మీద నిఘాకు వెళ్ళిన యర్రయ్యకూ మాటిచ్చాడు. ఇప్పుడు యర్రయ్య మార్చురీలో ఉన్నాడు. కనీసం ఈ ఒక్క మాటైనా నిలబడాలని గణేశ్వరరావు గట్టిగా అనుకున్నాడు. బతుకులో అతను అంత గట్టిగా కోరుకున్నవి తక్కువ.

"అసలు విషయానికొస్తాను," అన్నాడు చీఫ్. "రేపు సాయంత్రం విశాఖ ఓడ ఆ కొండ కిందున్న ఇరుకు దారిలోంచి వస్తుంది. అడుగున మన నేవీ రాడార్ సామాను ఉంది. పైన దీవుల్లో కాపురానికొస్తున్న కుటుంబాలు, పిల్లలూ మేకలతో సహా. వెస్లింగ్ దగ్గరొక బీకన్ ఉంది. దాన్ని స్తూపం గర్భంలో, ధాతువులు, అంటే అస్థికలు, దాచే అరలో పెట్టాలని ప్లాను. గుడి లోపల ఎవరు వెతుకుతారు? సమయానికి అది సిగ్నల్ ఇస్తుంది. ఆ గురితో దూరంగా నీళ్ళ కింద పొంచి ఉన్న సబ్‌మెరైన్ టార్పెడో వదులుతుంది."

"బీకన్ ఇప్పుడెక్కడుంది?"

"ఇవాళ పొద్దున్న అరుణకుమారి వైర్‌లెస్‌లో మాట్లాడింది. పౌడరు డబ్బాలో పెట్టిన సెట్టు కదా, నాలుగు ముక్కలకే ఊపిరి పోయింది. విను." చీఫ్ టేప్ మీట నొక్కాడు.

గరగరల మధ్య ఆమె గొంతు వినిపించింది. "యంత్రం స్తూపం కడుపులో. కల్. జల్దీ రండి."

"రేపు పెడతారన్నమాట," అన్నాడు చీఫ్. "నువ్వు ఇవాళే వెళ్ళి దారిలో మాటు వెయ్యి. యంత్రం కొండెక్కుతుండగానే పట్టుకో. స్తూపం జోలికి పోయే అవసరమే రాదు."

గణేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. నమ్మడానికి వీలైన ప్లాను వినక చాలా కాలమైంది.

మధ్యాహ్నానికల్లా అతను సిప్పీఘాట్ వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చిన కొబ్బరి తెగుళ్ళ నిపుణుడైపోయాడు. ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన మట్టి నమూనాలు తీసే పొడవాటి బర్మా. బర్మా బోలు పిడిలో ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్. జేబులో పెన్సిలంత డిటొనేటర్, విరిచాక కొన్ని నిమిషాలకు పేలేది. థర్మోస్ ఫ్లాస్కులో వైర్‌లెస్ సెట్టు. టీ పెట్టుకోవడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

జాలరి నూకన్న తన డోంగీ పడవలో అతన్ని దీవికి చేర్చాడు. నూకన్న తాత భీమిలి దగ్గర వల లాగినవాడు, నూకన్న ఇక్కడ లాగుతున్నాడు.

"కొబ్బరిచెట్లే లేని దీవిలో కొబ్బరి తెగులు ఏటి సాబ్?" అన్నాడు తెడ్డు వేస్తూ.

"రాకుండా చూడ్డానికే."

"టీక్ హై సాబ్. మీరేటంటే అదే," అని నూకన్న సముద్రంలోకి ఉమ్మేశాడు.

పొద్దు వాలేవేళకు ఇద్దరూ కొండెక్కారు. నూకన్న తొట్టెలో నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగి, మొహం కడుక్కుని, తెచ్చిన డబ్బాలు నింపుకుని, మర్నాడు సాయంత్రం మళ్ళీ వస్తానని దిగిపోయాడు. అక్కడికి కాస్త దూరంలో స్తూపం ఎర్రటి వెలుగులో నిశ్చింతగా కూర్చుని ఉంది. గణేశ్వరరావు దాని దగ్గరికి పోలేదు. అడుగుజాడలు పడితే రేపొచ్చేవాళ్ళకు అనుమానం వస్తుందని అతని భయం. జపాను బంకర్‌లో దుప్పటి పరుచుకుని, అక్కణ్ణుంచే చూస్తూ చపాతీలు తిన్నాడు.

మర్నాడు తెల్లవారినప్పటి నుంచి బంకర్ సందులోంచి కాలిబాట మీదే కన్ను వేసి కూర్చున్నాడు. ఎవ్వరూ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. జలగలు కాళ్ళకెక్కాయి. థర్మోస్ తెరిచి చీఫ్‌ను పిలిస్తే, లోపల పెనంమీద నూనె చిటపటలాడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. డోంగీలో నీళ్ళు తగిలి సెట్టు పాడైందనుకుని, తనను తానే తిట్టుకున్నాడు. ఎండ కొండకు పడమటి పక్కకు తిరిగింది. అప్పటికీ బాట ఖాళీగానే ఉంది.

చివరికి బాటమీద కనిపించింది బీకన్ మోసుకొచ్చే కూలీలు కాదు. అరుణకుమారి ఒక్కతే, చెప్పులు చేత్తో పట్టుకుని, పట్టుచీర కుచ్చెళ్ళు ముళ్ళకు చిరుగుతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొస్తోంది. గణేశ్వరరావు బంకర్‌లోంచి బయటికొచ్చాడు. అతన్ని చూడగానే ఆమె మొహంలోకి ఎంత సంతోషం వచ్చిందో, అతని చేతిలో ఏమీ లేకపోవడం చూసి అంతా పోయింది.

"తీసేశారా? యంత్రం ఏదీ?"

"దానికోసమే కూర్చున్నాను. ఇంకా రాలేదు."

"రావడమేమిటి? లోపలుంది కదా!"

"ఇవాళ పెడతారన్నావు కదమ్మా. కల్ అన్నావు. కల్ అంటే రేపే కదా?"

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"నిన్న," అంది. "నిన్న పెట్టేశారని చెప్పాను. కల్ అంటే నిన్న కూడానండీ!"

హిందీవాడైతే వెనక క్రియ చూసి నిన్నో రేపో తేల్చుకుంటాడు. తెలుగువాడికి వాక్యం చివర క్రియ లేకపోయినా గడిచిపోతుంది. ఈ దీవుల్లో తెలుగువాళ్ళు ఆ హిందీ మాటను ఈ తెలుగు వాక్యంలో పడేసి రోజూ మాట్లాడుకుంటారు, ఎదుటివాడి మొహం చూసి అర్థం చేసుకుంటారు. వైర్‌లెస్‌కి మొహం ఉండదు.

"మీరు వస్తారనే మొన్న సాయంత్రం వెస్లింగ్‌చేత పార్టీ పెట్టించి, పాటలు పాడి కదలకుండా కూర్చోబెట్టాను," అంటోంది ఆమె. తానూ రోజులు తప్పు చెప్పానని గుర్తించి తల విదిలించుకుంది. "మొన్న కాదు, నిన్న. నిన్న సాయంత్రం. అప్పటికి మూత మీద సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. చేత్తో తీసేయొచ్చు. మీరెక్కడున్నారు?"

గణేశ్వరరావు బంకర్ వైపు చూశాడు. "ఇక్కడే," అన్నాడు. "చపాతీలు తింటున్నాను."

ఇద్దరూ స్తూపం దగ్గరికి పరుగెత్తారు. దాని పక్కగోడలో ఉన్న అర మూత మీద సిమెంటు రాయిలా బిగిసిపోయి ఉంది. దాన్ని పగలగొట్టబోతే బీకన్ దానంతటదే సిగ్నల్ ఇచ్చేలా లోపల తీగ కట్టారని అరుణకుమారి చెప్పింది. చుట్టుపక్కల ఏ వైర్‌లెస్‌నూ పనిచెయ్యనివ్వని జామర్ కూడా అందులోనే ఉంది. థర్మోస్‌లో పొద్దుటి నుంచి చిటపటలాడింది అదే. ఓడకు కబురు పంపే దారి లేదు.

"ఎంత టైముంది?"

ఆమె సముద్రం వైపు చెయ్యి చాపింది. ఉత్తరాన సన్నటి పొగ. పొగ కింద తెల్లటి చుక్క. విశాఖ ఓడ అప్పటికే ఇరుకు దారికేసి తిరిగింది.

గణేశ్వరరావు భుజం మీది బర్మా దించాడు. పిడి మర తిప్పి, గోధుమపిండి ముద్దలా ఉన్న ఎక్స్‌ప్లోజివ్ బయటికి తీశాడు. స్తూపం చుట్టూ తిరిగి చూసి, తూర్పు పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. వెనక చిన్న చప్పుడైంది. తిరిగితే అరుణకుమారి చేతిలో పిస్తోలు ఉంది.

"లేవండి."

"అరుణా..."

"వెస్లింగ్ నా యజమానీ కాదు, మీరు నా దేవుడూ కాదు. మీ ఇద్దరి పక్షమూ కాదు నేను. దీని పక్షం. ఒక్క ఇటుక కదలదన్నారు. మాటిచ్చారు!"

"ఇచ్చాను."

"మరి?"

"తప్పుతున్నాను," అన్నాడు గణేశ్వరరావు. "కాలుస్తానంటే కాల్చు. ఆ తర్వాత ఈ ముద్ద నువ్వే పెట్టాల్సి వస్తుంది."

కింద ఓడ కూత వేసింది. ఇంత దూరానికి అది దూడ అరుపులా సన్నగా వచ్చింది. డెక్ మీద మనుషులు రంగురంగుల చుక్కలుగా కనిపిస్తున్నారు. ఎవరో చీర ఆరేసుకున్నారు. అరుణకుమారి ఆ చీరనే చూస్తూ నిలబడింది.

"మా అమ్మ దారిపొడవునా వాంతులు చేసుకుంటూనే వచ్చింది," అంది మెల్లగా. "దీవి కనబడగానే లేచి జడ వేసుకుంది."

పిస్తోలు గడ్డిలో పడేసింది. కళ్ళు తుడుచుకోలేదు. వచ్చి అతని పక్కన కూర్చుని, అతని చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

"అక్కడ కాదు. అక్కడ పెడితే పైపైన పెచ్చులూడుతుందంతే. లోపల బండిచక్రానికి ఆకులున్నట్టు అడ్డగోడలుంటాయి. గోడకీ గోడకీ మధ్య వట్టి మట్టే. ఇదిగో, ఈ రెండు ఇటుకల వరస మధ్య మీ బర్మా దించండి. నేరుగా నడిమధ్యకు పోతుంది. అర పక్కకే చేరుతుంది."

ఆమె చూపించినచోట బర్మా వెన్నలోకి దిగినట్టు దిగింది. స్తూపాన్ని నిలబెట్టడానికి చదువుకున్న చదువంతా ఆ సాయంత్రం దాన్ని పడగొట్టడానికి పనికొచ్చింది. గణేశ్వరరావు ముద్దను లోపలిదాకా తోసి, డిటొనేటర్ పెన్సిల్ విరిచి గుచ్చి, మట్టి కప్పాడు. ఆమె అలవాటుగా ఆ మట్టిని అరచేత్తో చదును చేసింది.

"చాలా బాగుంది," అని ఇంగ్లీషులో వినిపించింది.

డాక్టర్ వెస్లింగ్ తెల్లటి సూటులో, పెద్ద రివాల్వర్‌తో నిలబడి ఉన్నాడు. చెమట కూడా పట్టలేదు. "చివరిసారి ఫోటోలు తీసుకుంటానంటే వెళ్ళనిచ్చాను. కెమెరా లాంచీలోనే మర్చిపోయావు అరుణా. నువ్వు కెమెరా మర్చిపోయే మనిషివి కాదే!"

ఇద్దర్నీ చేతులెత్తించి తొట్టె అంచుదాకా నడిపించాడు. తానేమో స్తూపానికి వీపు ఆనించి, కాలుమీద కాలు వేసుకుని నిలబడ్డాడు. అతను చూసింది మట్టి చదును చేస్తున్న ఆమె చేతిని మాత్రమే. అర మూత చెక్కు చెదరలేదు. తవ్వబోయి తవ్వలేక మానేశారనుకున్నాడు.

"మీరు ఒక రోజు లేటు, ఆఫీసర్," అన్నాడు.

"అదే అంటున్నారు అందరూ."

వెస్లింగ్ వాచీ చూసుకున్నాడు. గణేశ్వరరావు కూడా ఎత్తిన చేతిని కాస్త వంచి తన వాచీ చూసుకున్నాడు. కింద ఓడ ఇరుకు దారి మొదట్లోకి వచ్చింది. ఇప్పుడు మేకల అరుపులు కూడా వినిపిస్తున్నాయి. స్తూపం కడుపులో ఏదో సన్నగా గుయ్యిమని మొదలైంది. అరుణకుమారి కళ్ళు మూసుకుంది.

"బీకన్ వేడెక్కుతోంది," అన్నాడు వెస్లింగ్ ఆనందంగా. "ఇంకాసేపట్లో సిగ్నల్."

"డాక్టర్ గారూ, ఒక్క మాట. కాస్త ఇటు జరగండి. అక్కడ నిలబడటం మంచిది కాదు."

వెస్లింగ్ నవ్వాడు. "ఈ ఇటుకలు రెండువేల ఏళ్ళుగా నిలబడ్డాయయ్యా."

గణేశ్వరరావు అరుణకుమారి నడుం పట్టుకుని వెనక్కి తొట్టెలో పడ్డాడు. నీళ్ళు నెత్తిమీద మూసుకున్నాయి. రివాల్వర్ పేలిన చప్పుడు వాళ్ళకు వినిపించలేదు. అంతకంటే పెద్దది వినిపించింది.

తల బయటికి తీసేసరికి ఆకాశంలోంచి ఎర్రటి దుమ్ము దిగుతోంది. స్తూపం ఉన్నచోట గుంట ఉంది. వెస్లింగ్ ఉన్నచోట ఏమీ లేదు. గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. సిగ్నల్ సముద్రం ముట్టకముందే బీకన్ ముక్కలైపోయింది. ఓడ తన మానాన తాను ఇరుకు దారి దాటుతోంది. డెక్ మీద జనం కొండవైపు వేళ్ళు చూపించుకుంటున్నారు. రోడ్డు వెయ్యడానికి రాళ్ళు పేలుస్తున్నారనుకున్నారేమో, పిల్లలు చేతులూపారు. గణేశ్వరరావు కూడా ఊపాడు.

అరుణకుమారి ఊపలేదు. తడిచీరతో గుంట అంచున కూర్చుని, చేతికందిన ఇటుక ముక్కలు ఒకదానికొకటి అతికించి చూస్తోంది. రెండు అతికాయి. మూడోది అతకలేదు. అతను పక్కన కూర్చుని ఒక ముక్క అందించబోయాడు. ఆమె తీసుకోలేదు.

"నేను సరిగ్గా చెప్పి ఉంటే..." అంది చివరికి.

"నేను సరిగ్గా విని ఉంటే."

"రెండూ జరగలేదు," అని ఆమె మళ్ళీ ముక్కల వైపు తిరిగింది. అతనితో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

నూకన్న డబ్బాలు పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చాడు. తొట్టె గోడ నిలువునా చీలిపోయి, నీళ్ళన్నీ వాలుమీదుగా అడవిలోకి కారిపోతున్నాయి. నూకన్న పగుల్లో అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఏటి సాబ్ ఇది? ఇప్పుడు మేం నీళ్ళెక్కడ పట్టాల?"

యుద్ధాలు ఆపడమెలాగో గణేశ్వరరావుకు నేర్పారు, తొట్టె అతకడం నేర్పలేదు. థర్మోస్ తీసి మూత తిప్పాడు. చిటపటలు లేవు. చీఫ్ గొంతు పక్కింట్లోంచి పలికినంత స్పష్టంగా వచ్చింది.

"ఓడ?"

"సేఫ్ సార్."

"వెస్లింగ్?"

"లేడు."

"శభాష్! మరి ఇంత ఆలస్యమెందుకైంది?"

"కల్ అంటే నిన్నట సార్."

"ఏమో, నాకు మాత్రం రేపన్నట్టే వినిపించింది," అన్నాడు చీఫ్. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, ఆ కొండమీద బౌద్ధ శిథిలాలున్నాయి కదా. పైనుంచి అడుగుతారు. వాటికేమీ నష్టం జరగలేదుగా?"

గణేశ్వరరావు గుంట వైపు చూశాడు.

"శిథిలాలకు నష్టమేముంటుంది సార్! ఇప్పుడే పూర్తయ్యాయి."